బానెట్ ఎత్తిన తరం

ఇప్పుడు వీధిలోకి కొత్త కారు వస్తే ఇరుగుపొరుగు అడిగే మొదటి ప్రశ్న "ఈఎంఐ ఎంత పడుతోంది?" అని. రెండోది "సన్‌రూఫ్ ఉందా?" అని. మా రోజుల్లో వీధిలోకి కారు వస్తే ముందు అడిగేది "ఎవరు వాడిన బండి?" అని. "డాక్టరుగారి బండండీ" అంటే చాలు, దాని విలువ పెరిగేది. డాక్టరు బండి ఆస్పత్రికీ ఇంటికీ మధ్యే తిరుగుతుందని, వేళకు ఆయిలు మారుస్తారని నమ్మకం. టాక్సీకి తిప్పిన బండంటే పెదవి విరిచేవాళ్లు. ఆ తర్వాత బానెట్ ఎత్తి, ఆయిలు పుల్ల బయటికి లాగి, ఆ ఆయిలును వేళ్ల మధ్య రుద్ది చూసేవాళ్లు. స్టార్ట్ చేయించి, సైలెన్సర్ దగ్గర గొంతుక్కూర్చుని పొగ చూసేవాళ్లు. నీలం పొగ వస్తే రింగులు పోయి ఆయిలు తాగుతోందని అర్థం. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ పోతోంది, కార్బొరేటర్ సర్దాలి. ఇంజను బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు లోపలికి దిగుతున్నాయన్నమాట, ఆ బండి జోలికి పోకూడదు. ఇదంతా చూసింది మెకానిక్కులు కాదు. బడిపంతుళ్లు, బ్యాంకు గుమాస్తాలు, పొగాకు వ్యాపారులు, రైతులు. కారు కొనే మనిషికి ఆ మాత్రం తెలిసి ఉండాలని అందరూ అనుకునే రోజులవి.

నేను చెప్పేది గొప్పవాళ్ల కార్ల గురించి కాదు. చవకగా కొని, ఏళ్ల తరబడి నడుపుకున్న డొక్కు కార్ల గురించి. ఆ సుఖం అనుభవించినవాళ్లం ఇంకా చాలామందిమి ఉన్నాం. ఆ సుఖమేమిటో ఇప్పటి పిల్లలకు ఒక్కరు కూడా సరిగ్గా చెప్పడం లేదు. చెబితే "పాత చింతకాయ పచ్చడి" అంటారన్న భయం కాబోలు. నాకు ఆ భయం లేదు.

నా మొదటి కారు ఫియట్. ఆర్‌సీ బుక్కులో ప్రీమియర్ పద్మిని అని ఉండేది గానీ, మా తెనాలిలో దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు ఇటలీ ఫియట్ 1100 నమూనా మీద చేసిన బండి అది. 1974 నుంచి దానికి పద్మిని అన్న పేరు. 1089 సీసీ ఇంజను. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది కాబట్టి ముందు సీటు అడ్డం లేకుండా ఒకటే బెంచీ. ముందు ముగ్గురు, వెనక నలుగురు, ఒళ్లో పిల్లలు. ఒక కుటుంబం కాదు, రెండు కుటుంబాలు పెళ్లికి పోవచ్చు. ఆ రోజుల్లో కొత్త ఫియట్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. మాలాంటి జీతగాళ్లకు అంత డబ్బూ లేదు, అంత ఓపికా లేదు. అందుకని నాలుగు చేతులు మారిన బండి కొనడమే దారి. అప్పు చేయకుండా, చివరిదాకా కట్టిన చిట్టీ డబ్బుతో కొన్నాను. తాళంచెవి చేతికి వచ్చిన క్షణం నుంచి ఆ బండి పూర్తిగా నాది. ఒక్క రూపాయి ఎవరికీ బాకీ లేదు. ఏడేళ్ల వాయిదాల మీద కారు కొనే ఇప్పటి కుర్రవాళ్లకు ఈ ఒక్క సుఖం ఎలా ఉంటుందో తెలియదు. వాయిదాలు తీరే నాటికి కారు పాతబడుతుంది, మళ్లీ ఇంకో అప్పు.

ఏసీ లేదు. ముందు తలుపు అద్దానికి ముందు మూడు మూలల చిన్న అద్దం ఉండేది. దాన్ని వెనక్కి తిప్పితే గాలి నేరుగా మొహానికి కొట్టేది. నరసరావుపేట రోడ్డు మీద కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో ఆ ఘాటు బండి నిండేది. ఒంగోలు వైపు పోతుంటే పొగాకు బేరన్ల వాసన. వరికోతలప్పుడు రేపల్లె దారిలో పచ్చిగడ్డి వాసన. ఏ ఊరు దాటుతున్నామో కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం. ఇప్పుడు అద్దాలు బిగించుకుని, చల్లగా, గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి పోతున్నా ఒక్కడికీ తుమ్ము రాదు. పిల్లలు తల వంచుకుని ఫోను చూస్తుంటారు. దిగాక "ఎటు నుంచి వచ్చాం తాతయ్యా?" అని అడుగుతారు.

ఇక బండి ఆగిపోవడం. దాన్ని పాత కారు తప్పుగా లెక్కేస్తారు గానీ, నాకు మాత్రం అసలు చదువంతా అక్కడే వచ్చింది. పల్నాటి ఎండ గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతల వైపు పోతుంటే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. టాంకులో పెట్రోలుంది, సెల్ఫ్ తిరుగుతోంది, అయినా ఇంజను అందుకోదు. కారణమేమంటే పెట్రోలు పంపు ఇంజనుకు ఆనుకునే ఉంటుంది. ఆ వేడికి పంపులోనూ పైపులోనూ ఉన్న పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ఆవిరిని తోయలేదు, కార్బొరేటర్‌కు పెట్రోలు అందదు. దానికి మందు తడిగుడ్డ. తువ్వాలు తడిపి పంపు మీద కప్పి, చింతచెట్టు నీడన కాసేపు కూర్చుంటే పంపు చల్లబడి బండి మళ్లీ అందుకునేది. ఈలోగా పక్క పొలంలోంచి ఒకాయన బిందెతో నీళ్లు తెచ్చేవాడు. "ఏ ఊరు బాబూ మీది?" అని మొదలై, ఆయన పత్తి ధర దాకా, మా అమ్మాయి పెళ్లి దాకా మాటలు సాగేవి. నీళ్లు బండికీ, మనుషులకూ. పాత కారు నడిపినవాడికి ప్రతి రోడ్డు మీదా ఇలాంటి పరిచయాలుంటాయి.

రేడియేటర్ సన్నగా కారుతుంటే అందులో గుప్పెడు పసుపు వేసేవాళ్లం. పసుపు ఉబ్బి సందు పూడ్చేది. ఊరు చేరేదాకా ఆగేది. పెట్రోలు టాంకుకు చిల్లి పడితే బట్టల సబ్బు గట్టిగా రుద్దితే చాలు, సబ్బు పెట్రోలుకు కరగదు. వాన్లో వైపరు పనిచేయకపోతే సగం కోసిన బంగాళాదుంపతో అద్దం మీద రుద్దితే నీళ్లు బొట్లు కట్టకుండా పలచగా జారిపోయేవి. డిక్కీలో ఏముండాలో మాకు బట్టీ: స్టెప్నీ, జాకీ, పానాలు, కటింగ్ ప్లయరు, ఎమెరీ కాగితం, పాత ఫ్యానుబెల్టు, పాత పాయింట్ల సెట్టు, కండెన్సరు, నీళ్ల క్యాను. ఇవి ఉంటే శ్రీశైలం పోవచ్చు. దోర్నాల దాటి అడవిలో ఎక్కుడు మొదలయ్యాక ఏ షెడ్డూ ఉండదు మరి. తిరుమల ఘాట్‌లో అయితే మలుపు మలుపుకూ బానెట్లు ఎత్తి నిలబడ్డ అంబాసిడర్లు, ఫియట్లు ఉండేవి. ముందు ఆగినవాడు వెనక ఆగినవాడికి నీళ్లు పోసేవాడు. ఆయన కృష్ణా జిల్లానా, కడపా, తమిళనాడా అన్నది తర్వాత సంగతి.

పాయింట్లు సర్దడం నేర్చుకున్న రోజు నాకు ఇంకా గుర్తు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లు నల్లబడి ఉంటే ఎమెరీతో రుద్ది, రెండింటి మధ్య సందు ఒక విజిటింగ్ కార్డు మందం ఉండేలా సర్ది స్క్రూ బిగించాలి. ఆ తర్వాత సెల్ఫ్ కొడితే ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. జీతం పెరిగిన రోజున కూడా నాకు అంత ఆనందం కలగలేదు. చేత్తో పట్టుకుని, కంటితో చూసి, ఇది ఇందుకు ఆగింది, ఇలా చేస్తే నడుస్తుంది అని తెలుసుకోవడంలో ఉన్న తృప్తి వేరు. ప్లగ్గు తీసి చూస్తే ఇంజను ఆరోగ్యం తెలిసేది. లేత గోధుమ రంగులో ఉంటే అంతా బాగున్నట్టు, మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా ఉంటే తక్కువై ఇంజను మరీ వేడెక్కుతున్నట్టు. ఇప్పుడు బానెట్ ఎత్తితే ఏం కనపడుతుంది? ఒక నల్లటి ప్లాస్టిక్ మూత, దాని మీద కంపెనీ పేరు. ఆ మూత కింద ఏముందో బండి యజమానికి తెలియనక్కర్లేదని వాళ్ల ఉద్దేశం.

ఇవన్నీ నేర్పింది విజయవాడ ఆటోనగర్‌లోని మా మేస్త్రి. ఆటోనగర్ అంటే లారీల బాడీలు కట్టే చోటని బయటివాళ్లు అనుకుంటారు. అది అంతకంటే పెద్ద బడి. ఒక వీధిలో టింకరింగ్, ఇంకో వీధిలో లేత్ మిషన్లు, ఒకచోట రేడియేటర్లు అతికేవాళ్లు, మరోచోట కమాను పట్టీలు సాగదీసి కట్టేవాళ్లు, బ్యాటరీలకు ప్లేట్లు మార్చేవాళ్లు. బండి ఇంజను దించితే దాని వెంట మనమూ వీధి వీధీ తిరగాలి. హెడ్డు ఒక షెడ్డులో, బోరు ఇంకో షెడ్డులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేస్త్రి పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ని. "సార్, కార్బొరేటర్ జెట్టులో చెత్త ఇరుక్కుంటే నోటితో ఊదండి. సూది పెట్టి పొడవొద్దు. ఇత్తడిది, బెజ్జం పిసరు పెద్దదైనా పెట్రోలు మంచినీళ్లలా తాగుద్ది" అని చెప్పినవాడు ఆయనే. ఆయన దగ్గర పదీ పదకొండు పానా, పన్నెండూ పదమూడు పానా అందిస్తూ పని నేర్చుకున్న కుర్రాళ్లు తర్వాత సొంత షెడ్లు పెట్టుకున్నారు. వాళ్ల పిల్లలు ఇంజనీరింగు చదివారు. విజయవాడలో దొరకని సామాను ఉంటే హైదరాబాదు రాణీగంజ్ పోతే దొరికేది. అరిగిపోయిన వస్తువు చూపిస్తే కొట్టువాడు దాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి, పాత డబ్బాల్లో వెతికి, సరిగ్గా అదే తీసి ఇచ్చేవాడు.

మొన్న మా అబ్బాయి కారుకు ఎలుక ఒక వైరు కొరికింది. ఒకే ఒక్క వైరు. కంపెనీ సర్వీస్ సెంటరుకు తీసుకెళితే చేతిలో ట్యాబు పట్టుకున్న కుర్రాడు "వైరింగ్ మొత్తం మార్చాలి సార్" అన్నాడు. ఆ బిల్లుతో ఒకప్పుడు ఫియట్ ఇంజను దించి, బోరు చేయించి, రంగు వేయించవచ్చు. పని చేసే చోటికి మమ్మల్ని రానివ్వలేదు. అద్దానికి ఇవతల సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. నాకు కాఫీ వద్దు నాయనా, నా కొడుకు బండిని ఎవరు విప్పుతున్నారో, ఏం తీస్తున్నారో చూడనిస్తే చాలు. చివరికి మా ఊరి ఆటో ఎలక్ట్రీషియనే కొరికిన చోట వైరు కలిపి, టంకం వేసి, టేపు చుట్టాడు. బండి ఈనాటికీ నడుస్తోంది. ఈ కొత్త కార్లలో ఒక బల్బు పోతే లైటు మొత్తం మార్చమంటారు. తాళంచెవిలో చిప్పు ఉంది కాబట్టి అది పోతే వేల రూపాయలు. మా ఫియట్ తాళంచెవి మెయిన్ బజారులో రోడ్డు పక్కన కూర్చునే ముసలాయన రాపిడి పెట్టి చేసిచ్చేవాడు. ఇప్పుడు కొన్ని కార్లలో స్టెప్నీ కూడా ఇవ్వడం లేదు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఎంతుందో చెప్పే యంత్రం, పంక్చరు కిట్టు ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని కేంద్రం 2020లో నిబంధన మార్చింది. టైరు పక్కగోడ చీలిపోతే ఆ కిట్టు ఏం చేస్తుంది? బ్యాటరీ దిగిపోతే ఆటోమేటిక్ గేర్ల బండిని తోసి స్టార్ట్ చేయడమూ కుదరదు. రెండో గేరులో వేసి, క్లచ్ తొక్కి పట్టుకుని, నలుగురు తోస్తుంటే ఒక్కసారి క్లచ్ వదలడం ఎలాగో మా మనవడికి ఎప్పుడు నేర్పాలి?

మారుతి 800 వచ్చినప్పుడు మాలో చాలామంది నమ్మలేదు. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ మొదటి బండి తాళాలిచ్చారు. ధర యాభై వేలకు అటూ ఇటూ. మూడు సిలిండర్లు, 796 సీసీ, ఆరువందల యాభై కిలోల బరువు. "ఇది కారా, అగ్గిపెట్టా?" అన్నారు. ఆ అగ్గిపెట్టే తర్వాత మా డెల్టా రోడ్లను ఏలింది. వానాకాలంలో కాలవ గట్టు మీద జారి పక్కకు దిగితే నాట్లు వేసేవాళ్లు నలుగురైదుగురు వచ్చి చేతులతో ఎత్తి రోడ్డు మీద పెట్టేవాళ్లు. నా రెండో కారు అదే. పాతదే కొన్నాను, కార్బొరేటర్ ఉన్న మోడలు. ఏపీ 7 నంబరు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. నూజివీడు మామిడికాయల బుట్టలు, బియ్యం బస్తాలు, సంక్రాంతికి చెరుకుగడలు, ఒకసారి తోకాడిస్తున్న పెయ్యదూడ కూడా అందులో ఎక్కింది. గీత పడుతుందని భయం లేదు, గేదె కొమ్ము తగిలిందని గొడవ లేదు. ఎక్కడైనా ఆపుతాను, ఎవరికైనా తాళం ఇస్తాను. మా వీధి పిల్లలు చాలామంది డ్రైవింగు నేర్చుకున్నది దాని మీదే. ఇన్సూరెన్సు తక్కువ, సామాను ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది, పని ప్రతి మేస్త్రికీ తెలుసు. పాతిక లక్షలకు పైగా అమ్ముడుపోయిన బండి అది. హైదరాబాదులో 2010లోనే, దేశం మొత్తం మీద 2014లో దాన్ని ఆపేశారు. సామాన్యుడు విప్పి బిగించుకోగలిగిన చివరి కారు అదేనని నా నమ్మకం.

కొత్త కార్లలో మంచి లేదని నేననను. మా ఫియట్‌లో సీటు బెల్టే లేదు. డ్రమ్ము బ్రేకులు తడిస్తే పట్టేవి కావు, రెండు మూడుసార్లు తొక్కాల్సి వచ్చేది. ఇప్పుడు ఏబీఎస్ ఉంది, ఎయిర్‌బ్యాగులున్నాయి, ప్రాణాలు నిలబడుతున్నాయి. పొగ మాటా నిజమే. 2020 నుంచి వస్తున్న బీఎస్6 బండి పొగతో నా 800 పొగకు పోటీ లేదు. హైవే మీద పిల్లల్ని తీసుకుపోవాలంటే మా అబ్బాయి బండే మంచిది. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ బ్రేకులు బాగు చేయడానికీ, పొగ తగ్గించడానికీ యజమాని చేతిలోంచి పానా లాక్కోవలసిన పని లేదు. బండిని సురక్షితంగా చేయడం వేరు, విప్పడానికి వీల్లేకుండా చేయడం వేరు. రెండోది కంపెనీల లాభం కోసమే.

ఇప్పుడు ప్రభుత్వమూ అటే మొగ్గింది. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు అయిపోతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. అందులో తప్పు లేదు, చూపించడానికి నేనెప్పుడూ సిద్ధమే. కానీ కారు రెన్యువల్ ఫీజు 600 రూపాయలుండేది 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. పైన గ్రీన్‌టాక్సు. ఢిల్లీలో అయితే డీజిలు బండికి పదేళ్లు, పెట్రోలు బండికి పదిహేనేళ్లు అని ఆంక్ష పెట్టారు. బొంబాయిలో ఇరవై ఏళ్ల లెక్క ప్రకారం చివరి పద్మిని టాక్సీని 2023 అక్టోబరులో రోడ్డు మీద నుంచి తీసేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఏడాదికి కాసిని కిలోమీటర్లు తిరిగే, వేళకు ట్యూనింగ్ చేయించిన పాత బండినీ, రోజంతా ఓవర్‌లోడుతో తిరిగే బండినీ ఒకే వయసు లెక్కతో కొలవడం న్యాయం కాదు. కాలుష్యం చూడండి, బ్రేకులు చూడండి, లైట్లు చూడండి. సరిగ్గా లేకపోతే ఆపేయండి. సరిగ్గా ఉన్నదాన్ని ఎందుకు తుక్కుకు పంపాలి? కొత్త కారు చేయడానికీ ఇనుము కరిగించాలి, కరెంటు కాల్చాలి కదా.

ఇక పెట్రోలు. అందులో ఇథనాల్ 20 శాతానికి పెంచారు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లను దానికి తగ్గట్టు చేశారు. మా 800 రబ్బరు పైపులూ గ్యాస్కెట్లూ దానికోసం చేసినవి కావు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, ఎక్కువ రోజులు కదలకుండా ఉంటే పాత ఇనప టాంకు తుప్పు పడుతుంది. పెట్రోలుకున్న శక్తి దానికి లేదు కాబట్టి మైలేజీ కూడా తగ్గుతుంది. చెరుకు రైతుకు మేలు జరిగితే నాకూ సంతోషమే. కానీ పాత బండ్లవాళ్ల కోసం ప్రతి జిల్లాలో ఒకటి రెండు బంకుల్లోనైనా ఇథనాల్ లేని మామూలు పెట్రోలు మామూలు ధరకు ఉంచమని అడగడం తప్పు కాదు. అడుగుతున్నాను.

ఈ మధ్య చాలా ఇళ్ల ముందు కవరు కప్పి, టైర్లు నేలకంటుకుని, తండ్రిగారి 800 గానీ ఫియట్ గానీ పడి ఉండటం చూస్తున్నాను. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. తుక్కువాడు వారానికోసారి వచ్చి ధర అడుగుతుంటాడు. ఆ పిల్లలకు ఒక్క మాట. ఇవ్వకండి. పండగకు వచ్చినప్పుడు పాత పెట్రోలు పూర్తిగా తీయించండి, టాంకు కడిగించండి, కార్బొరేటర్ విప్పి జెట్లు ఊదించండి, రబ్బరు పైపులు మార్పించండి, బ్రేకులు చూపించండి, బ్యాటరీ కొత్తది వేయించండి. మొత్తం ఖర్చు మీ కొత్త కారు ఒక నెల వాయిదా దాటదు. మేస్త్రి పని చేస్తుంటే పక్కనే నిలబడి చూడండి, పానా అందించండి, అడిగి తెలుసుకోండి. కార్బొరేటర్ పని తెలిసిన మేస్త్రులకు వయసు మీద పడుతోంది, వాళ్ల దగ్గర నేర్చుకునే కుర్రాళ్లు తగ్గిపోయారు. వచ్చే సంక్రాంతికే చేయించండి.